కేకు టిన్నులు: ఉద్దానం ఇంటి బేకింగుకు తొలి ఎంపిక

కేకు, బ్రెడ్డు, బిస్కట్టు వంటివాటిని పొడి వేడిలో కాల్చడానికి వాడే పాత్రే కేకు టిన్ను. అల్యూమినియం, ఉక్కు రేకు, గాజు, సిలికాన్‌లతో వీటిని తయారుచేస్తారు. పిండికి ఆకారం ఇవ్వడం టిన్ను చేసే పనిలో సగమే. వేడి పిండిలోకి ఎంత వేగంగా, ఏ వైపు నుంచి చేరాలో నిర్ణయించడం మిగతా సగం. పిండి అదే, మంట అదే, సమయం అదే అయినా టిన్ను మారితే కేకు మారిపోతుంది. నడుమ పచ్చిగా ఉండి అంచులు మాడడం, పైభాగం పగలడం, అడుగు అంటుకుపోవడం వంటి తొలినాళ్ల కష్టాల్లో చాలా భాగం వంటమనిషి చేతిలో లేవు, పాత్రలో ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లా కవిటి, దాని చుట్టూ ఉన్న ఉద్దానం తీరంలో టిన్ను ఎంపికకు కొన్ని ప్రత్యేకమైన లెక్కలు ఉన్నాయి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. తుపాను వస్తే కరెంటు రోజుల తరబడి ఉండదు. చేతికందే సరుకు కొబ్బరి, జీడిపప్పు, పనస. చాలా ఇళ్లలో మూత్రపిండాల వ్యాధి ఉంది. వీటన్నిటినీ చూసుకుంటే కొత్తవారికి మూడు టిన్నులు చాలు: 7 అంగుళాల గుండ్రటి టిన్ను, 8×4 అంగుళాల బ్రెడ్ టిన్ను, ఒక పల్చటి ట్రే.

ప్రాంతం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో సముద్రం వైపున్న ఇసుకనేలలను ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఇక్కడి బతుకుతెరువు. జీడిగింజలను పలాస-కాశీబుగ్గ పరిశ్రమల్లో కాల్చి, ఒలిచి, పప్పును రకాలుగా వేరుచేస్తారు. డబ్ల్యు 240, డబ్ల్యు 320 అనే పేర్లు పౌనుకు ఎన్ని గుండుపప్పులు తూగుతాయో చెబుతాయి. విరిగిన బద్దలు, ముక్కలు గుండు కంటే చౌక. బిస్కట్టుకు, కేకుకు ముక్కలే సరిపోతాయి కాబట్టి ఇంట్లో బేకింగు చేసేవారికి అది మంచి బేరం.

ఈ ప్రాంతం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్లగా, ఈ భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. తెలుగు, ఒడియా కుటుంబాలు పక్కపక్కనే బతుకుతున్నందువల్ల రెండు భాషల వంటలూ ఇక్కడ కలిసిపోయాయి. బేకింగు సంగతిలో ఈ కలయికకు విలువ ఉంది.

టిన్నుకు ముందు

పైనుంచీ కిందనుంచీ వేడి తగిలేలా పిండిని కాల్చడం ఓవెన్‌తో వచ్చిన విద్య కాదు. కోస్తా ఇళ్లలో దిబ్బరొట్టెను మందపాటి ఇనుప మూకుడులో వేసి, మూత పెట్టి, మూతమీద కూడా నిప్పులు పోసి కాల్చేవారు. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా రావడానికి కారణం ఆ మూకుడు మందమే. తాటిపండు గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం కలిపి కాల్చే తాటిరొట్టెదీ ఇదే పద్ధతి.

జూన్ నడుమ వచ్చే రజొ పండుగకు ఒడియా ఇళ్లలో పొడొ పిఠా చేస్తారు. బియ్యం, మినప్పప్పు రుబ్బి పులియబెట్టిన పిండిలో బెల్లం, కొబ్బరి కలిపి, అరటాకు పరిచిన పాత్రలో పోసి, నిప్పుల మీద నెమ్మదిగా చాలాసేపు కాలుస్తారు. ఇందులో మూడు సూత్రాలున్నాయి. పాత్ర మందంగా ఉండాలి. పిండికీ లోహానికీ నడుమ ఒక పొర ఉండాలి. బెల్లం ఉన్న పిండికి సన్నని సెగ చాలు. ఇప్పటి టిన్ను కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే.

టిన్ను పుట్టుక

పదిహేడో శతాబ్దపు యూరపులో కేకులను అడుగు లేని చెక్క లేదా లోహపు వలయాల్లో, కాగితం పరిచి కాల్చేవారు. ఉక్కు రేకుకు తగరం పూత వేసే పరిశ్రమ పెరిగాక పల్చటి, చౌకైన టిన్నులు ఇళ్లలోకి వచ్చాయి. 1886లో అల్యూమినియాన్ని విద్యుత్తుతో తీసే పద్ధతిని అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరౌల్ట్ వేర్వేరుగా కనుక్కోవడంతో ఆ లోహం ధర పడిపోయింది. మద్రాసు రాష్ట్రంలో అల్యూమినియం పాత్రల తయారీని 1898లో మద్రాసు కళాశిక్షణాలయంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ప్రారంభించారు. వాడుకలో మనం సిల్వరు గిన్నెలని పిలిచేవాటికి దక్షిణాదిన అదే తొలి అడుగు.

భారతదేశంలో తొలి క్రిస్మస్ కేకును 1883లో తలశ్శేరిలో మాంబళ్లి బాపు చేశారని ప్రసిద్ధి. తలశ్శేరి కూడా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే. ఇరవయ్యో శతాబ్దంలో కొత్త పదార్థాలు వచ్చాయి. అమెరికాలోని కార్నింగ్ సంస్థ 1915లో పైరెక్స్ గాజు పాత్రలను అమ్మకానికి పెట్టింది. అంటుకోని పూతకు ఆధారమైన టెఫ్లాన్‌ను 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్నారు. నడుమ గొట్టంతో, గాడులతో ఉండే బంట్ టిన్నును 1950లో నార్డిక్ వేర్ సంస్థ తయారుచేసింది. ఈ రోజు అంగట్లో కనిపించే రకాలన్నీ ఈ నాలుగైదు మలుపుల నుంచి వచ్చినవే.

ఏ లోహం?

అల్యూమినియం: కొత్తవారికి మొదటి ఎంపిక. వేడిని ప్రసరింపజేయడంలో ఇది స్టెయిన్‌లెస్ స్టీలు కంటే పది రెట్లకు పైగా మెరుగు. అందువల్ల టిన్ను అంతటా వేడి సమంగా పరుచుకుని కేకు ఒకే రంగులో కాలుతుంది. ఇనుములా ఎర్రతుప్పు పట్టదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు ఇది పెద్ద సుగుణం. మరీ పల్చటి రేకు అయితే వేడికి వంగుతుంది, అడుగు త్వరగా మాడుతుంది. చేతితో నొక్కితే సొట్టపడని మందం ఉండాలి. ఆనొడైజింగ్ చేసిన రకం మీద గట్టి ఆక్సైడు పొర ఉంటుంది కాబట్టి పులుపుకు, గీతలకు ఇంకా బాగా ఓర్చుకుంటుంది.

తగరం పూత ఉక్కు, నాన్‌స్టిక్ ఉక్కు: బజారులో చౌకగా, అందంగా కనిపించేవి ఎక్కువగా ఇవే. పూత గీసుకుపోతే లోపలి ఉక్కు బయటపడుతుంది. ఉప్పుగాలి తగిలే చోట అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. గాలిలోని ఉప్పు తేమను పీల్చుకుని లోహం మీద నిలబెడుతుంది, తుప్పు పట్టే వేగాన్ని పెంచుతుంది. నాన్‌స్టిక్ పూతకు మరో హద్దు ఉంది. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే అది పాడవడం మొదలుపెడుతుంది. ఓవెన్‌లో 180 డిగ్రీలకు కాల్చేటప్పుడు భయం లేదు. పొయ్యి మీద పొడి గిన్నెలో పెట్టినప్పుడు వేడి ఎంత ఉందో తెలియదు కాబట్టి అక్కడ నాన్‌స్టిక్ వద్దు.

స్టెయిన్‌లెస్ స్టీలు: తుప్పు భయం తక్కువ, పులుపుతో పేచీ లేదు, ఎన్నేళ్లయినా ఉంటుంది. వేడి మాత్రం సమంగా పాకదు. మంట తగిలిన చోట మాడి, పక్కన తెల్లగా ఉండిపోతుంది. ఇంట్లో నిటారు అంచులున్న స్టీలు డబ్బా ఉంటే మొదటి కేకుకు దాన్నే వాడవచ్చు. అడుగున కాగితం వేసి, సెగ తగ్గించి, కొంచెం ఎక్కువసేపు ఉంచాలి.

గాజు: నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఓవెన్ ఆపిన తరువాత కూడా అంచులు కాలుతూనే ఉంటాయి. అందుకని చెప్పిన ఉష్ణోగ్రత కంటే 15 డిగ్రీలు తగ్గించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పాత్రను వేడి ఓవెన్‌లో పెట్టకూడదు, పగలవచ్చు. పొయ్యి మంటమీద కూడా వాడకూడదు.

సిలికాన్: అంటుకోదు, తుప్పు లేదు, విరగదు. వేడిని సరిగా పంపదు కాబట్టి కేకు అంచులు లేతగా ఉండిపోతాయి. పిండి పోసి ఎత్తితే వంగిపోతుంది, కింద తప్పనిసరిగా ట్రే ఉండాలి. పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రత హద్దును దాటకూడదు.

ఇత్తడి, కంచు: సరవకోట మండలం బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పాత్రల మందం చూస్తే బేకింగుకు పనికొస్తాయనిపిస్తుంది. అయితే ఇత్తడికి లోపల వేసే కళాయి తగరమే, తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పొయ్యి మీద పొడిగా కాగిన పాత్ర ఆ వేడిని అందుకోగలదు. కళాయి పాత్రలను నీళ్లతో ఉడికే వంటలకే ఉంచాలి.

రంగు: లోహం ఏదైనా నల్లటి టిన్ను వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది, అడుగు త్వరగా ఎర్రబడుతుంది. తెల్లటి, మెరిసే టిన్ను కొంత వేడిని తిప్పికొడుతుంది. బెల్లం, కొబ్బరి ఉన్న పిండి త్వరగా ఎర్రబడుతుంది కాబట్టి ఉద్దానం వంటలకు లేతరంగు టిన్నే నయం.

కొలతలు

టిన్నును వ్యాసంతో పిలుస్తాం గానీ పిండికి లెక్క వైశాల్యంతో, లోతుతో. 6 అంగుళాల టిన్నుకూ 8 అంగుళాల టిన్నుకూ తేడా రెండు అంగుళాలే అనిపిస్తుంది. వైశాల్యంలో రెండోది దాదాపు 1.8 రెట్లు. 8 అంగుళాల టిన్నుకు చెప్పిన పిండిని 6 అంగుళాల దానిలో పోస్తే పొంగి పొర్లుతుంది. 6 అంగుళాల టిన్నుకు సరిపోయే పిండిని 8 అంగుళాల దానిలో పోస్తే అట్టులా ఎండిపోతుంది.

2 అంగుళాల లోతుకు సుమారు లెక్కలు ఇవి:

- 6 అంగుళాల గుండ్రం: 28 చదరపు అంగుళాలు, 0.9 లీటరు
- 7 అంగుళాల గుండ్రం: 38 చదరపు అంగుళాలు, 1.25 లీటర్లు
- 8 అంగుళాల గుండ్రం: 50 చదరపు అంగుళాలు, 1.65 లీటర్లు
- 9 అంగుళాల గుండ్రం: 64 చదరపు అంగుళాలు, 2.1 లీటర్లు
- 7 అంగుళాల చతురస్రం: 49 చదరపు అంగుళాలు, 1.6 లీటర్లు
- 8 అంగుళాల చతురస్రం: 64 చదరపు అంగుళాలు, 2.1 లీటర్లు

ఇందులో రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. చతురస్రపు టిన్ను తనకంటే ఒక అంగుళం పెద్దదైన గుండ్రటి టిన్నుతో సమానం. 8×4 అంగుళాల బ్రెడ్ టిన్ను రెండున్నర అంగుళాల లోతు ఉంటే అందులో పట్టేది దాదాపు 2 అంగుళాల లోతున్న 7 అంగుళాల గుండ్రటి దానిలో పట్టేంతే. కాబట్టి ఈ రెండూ కొంటే ఒకే కొలతల పిండి దేనిలోనైనా సరిపోతుంది. కొత్తవారికి ఇంతకంటే సుఖం లేదు, లెక్క ఒక్కటే నేర్చుకుంటే సరి.

చేతిలో ఉన్న టిన్ను ఎంత పడుతుందో తెలియకపోతే నీళ్లతో కొలవాలి. అర లీటరు గ్లాసుతో అంచు దాకా నీళ్లు పోసి ఎన్ని పట్టాయో చూసుకుని, ఆ అంకెను టిన్ను వెలుపలి అడుగున చెరగని సిరాతో రాసిపెట్టుకోవచ్చు. పిండి ఆ కొలతలో సగానికి తగ్గకూడదు, మూడింట రెండొంతులు మించకూడదు. 1.25 లీటర్ల టిన్నులో సుమారు 625 నుంచి 830 మిల్లీలీటర్ల పిండి అన్నమాట. మిగతా ఖాళీ కేకు పొంగడానికి.

బేకరీల్లో కేకును బరువుతో అడుగుతారు. క్రీముతో కలిపి అర కిలో కేకును సాధారణంగా 6 అంగుళాల టిన్నులో, కిలో కేకును 8 అంగుళాల టిన్నులో కాలుస్తారు. 7 అంగుళాలు ఈ రెండింటి నడుమ కుటుంబ కొలత.

ఏ సెగ మీద?

టిన్ను కొనేముందు అది దేనిలో కాలుతుందో తేల్చుకోవాలి.

ఓటీజీ (ఓవెన్-టోస్టర్-గ్రిల్): లోపలి వెడల్పు, లోతు, ఎత్తు టేపుతో కొలవాలి. టిన్నుకు నాలుగు వైపులా కనీసం ఒక అంగుళం, పైన రెండు అంగుళాలు ఖాళీ ఉండాలి. గాలి తిరిగే దారి లేకపోతే గోడవైపు మాడుతుంది. ఓటీజీతో వచ్చే ట్రే దాదాపు లోపలంతా ఆక్రమిస్తుంది. దానిమీద టిన్ను పెడితే కిందనుంచి వచ్చే వేడి ఆగిపోతుంది. టిన్నును తీగల జాలీ మీదే ఉంచాలి.

కన్వెక్షన్ మైక్రోవేవ్: కన్వెక్షన్ పద్ధతిలో లోహపు టిన్ను వాడవచ్చు. మైక్రోవేవ్ పద్ధతిలో లోహం పెడితే మెరుపులు వస్తాయి, యంత్రం పాడవుతుంది. ఈ యంత్రం ఉన్నవారు తయారీదారు పుస్తకం చదివి ముందుకు వెళ్లాలి.

పొయ్యి మీద: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో నేలకూలాయి, ఊళ్లకు కరెంటు రోజుల తరబడి రాలేదు. ఇలాంటి తీరంలో కరెంటు ఉంటేనే పనికొచ్చే టిన్ను సగం టిన్నే. ఓటీజీలోనూ, పొయ్యి మీదా ఇమిడేదాన్ని ఎంచుకోవాలి.

పొయ్యి మీద పద్ధతి దిబ్బరొట్టెకు దగ్గరి బంధువు. మందపాటి గిన్నె అడుగున ఒక అంగుళం ఉప్పు గాని, కడిగి ఎండబెట్టిన ఇసుక గాని పరిచి, పైన చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు నడిమి సెగన కాగబెట్టాలి. తరువాత టిన్ను దించి సెగ బాగా తగ్గించాలి. ప్రెషర్ కుక్కరులో చేసేవారు విజిల్, గాస్కెట్ తీసేస్తారు. అయితే నీళ్లు లేకుండా కుక్కరును కాగబెట్టవద్దని తయారీదార్లు హెచ్చరిస్తారు, కాబట్టి వాడుకలో లేని మందపాటి పాత గిన్నె దీనికి మంచిది. లోపలి మూత కుక్కర్ల మూతి వాటి కడుపుకంటే సన్నం. 7 అంగుళాల టిన్ను లోపల పట్టేటట్టున్నా మూతిలోంచి దిగకపోవచ్చు. కొలవాల్సింది మూతిని. అలాంటి ఇంట్లో 7 బదులు 6 అంగుళాల టిన్ను కొనాలి.

తొలి మూడు టిన్నులు

7 అంగుళాల గుండ్రటి టిన్ను: రెండు నుంచి రెండున్నర అంగుళాల లోతు, నిటారు గోడలు, లేతరంగు అల్యూమినియం. పుట్టినరోజు కేకు, కొబ్బరి కేకు, పొడొ పిఠా అన్నీ ఇందులోనే. గోడలు నిటారుగా ఉంటే పిండి నేరుగా పైకి లేస్తుంది, అడ్డంగా కోసి నడుమ క్రీము రాయడానికి పొరలు సమంగా వస్తాయి. అడుగు ఊడే రకం చూడముచ్చటగా ఉంటుంది గానీ పల్చటి పిండి కారిపోతుంది. మొదటి టిన్ను ఒకే ముక్కగా ఉండాలి.

8×4 అంగుళాల బ్రెడ్ టిన్ను: బ్రెడ్డుకే కాదు, పనస కేకుకు, అరటిపండు కేకుకు, జీడిపప్పు కేకుకు కూడా. సన్నగా లోతుగా ఉండడంవల్ల పిండికి రెండువైపులా గోడ దన్ను దొరుకుతుంది. ముక్కలు ఒకే మందాన తెగుతాయి, డబ్బాలో పెట్టి పిల్లలకు పంపడానికి వీలు.

పల్చటి ట్రే: ఓవెన్ లోపలి కొలతకంటే అన్నివైపులా ఒక అంగుళం చిన్నది, అంచు అర అంగుళానికి మించనిది. బిస్కట్టు, బన్ను, జీడిపప్పు వేయించడం, కొబ్బరి తురుము ఆరబెట్టడం దీని పనులు. అంచు ఎత్తుగా ఉంటే వేడిగాలి బిస్కట్టును తాకదు, పక్కలు మెత్తబడతాయి. పొయ్యి మీద మాత్రమే కాల్చేవారికి ట్రే అక్కరలేదు. దాని బదులు విడివిడి చిన్న కప్పులు నాలుగు కొనుక్కోవచ్చు.

అంగట్లో చూసుకోవలసినవి

పలాస-కాశీబుగ్గ, సోంపేట, ఇచ్ఛాపురం పాత్రల దుకాణాల్లో గాని, అవతల బరంపురంలో గాని టిన్ను చేతబట్టి చూసే అవకాశం ఉంది. దాన్ని వదులుకోకూడదు. ముందు టిన్నును అద్దపు బల్లమీద పెట్టి అంచు ఒకవైపు నొక్కాలి. ఊగితే అడుగు సమంగా లేదు, కేకు ఒకపక్కకు వాలుతుంది. తరువాత అడుగు నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కాలి. టప్పుమని లోపలికి పోయి పైకి లేస్తే రేకు పల్చన, ఓవెన్‌లో వేడికి అదే చప్పుడు చేస్తూ వంగుతుంది. లోపలి మూలల్లో వేలు తిప్పి చూడాలి. మడతలో సందు ఉంటే పిండి ఇరుక్కుంటుంది, కడిగినా తేమ నిలుస్తుంది. పైఅంచు చుట్టి ఉంటే చేయి తెగదు, టిన్ను గట్టిగానూ ఉంటుంది. ఆ చుట్ట లోపల తీగ ఉన్న రకమైతే నీళ్లు దిగి తుప్పు పట్టకుండా బిగుతుగా మూసి ఉందో లేదో చూడాలి.

ఒకే కొలత టిన్నులు రెండు దొరికితే బరువు పోల్చాలి. బరువైనదే కొనాలి. టేపు తీసుకెళ్లి లోపలి అంచునుంచి లోపలి అంచుకు కొలవాలి. 7 అంగుళాలని చీటీ మీద ఉన్నది కొన్నిసార్లు వెలుపలి కొలత అవుతుంది.

ఉద్దానం పంటలకు తగిన టిన్ను

పచ్చికొబ్బరి: తురుములో తేమ, నూనె రెండూ ఉంటాయి. పిండి బరువుగా ఉంటుంది కాబట్టి లోతు తక్కువగా, రెండు అంగుళాలకు మించకుండా పోయాలి. పైన చల్లిన తురుము మాడకుండా సగం సమయం గడిచాక టిన్ను మీద అల్యూమినియం కాగితం వదులుగా కప్పవచ్చు.

పనస: బాగా పండిన మెత్తటి తొనల గుజ్జు తీపిగా, జిగటగా ఉంటుంది. గుండ్రటి టిన్నులో నడుమభాగం ఆఖరున ఉడుకుతుంది, గుజ్జు పిండికి ఆ ఆలస్యం మరీ ఎక్కువ. బ్రెడ్ టిన్నులో సగందాకా పోసి, 160 నుంచి 170 డిగ్రీల దగ్గర నిదానంగా కాల్చితే అంచూ నడుమా దాదాపు ఒకేసారి సిద్ధమవుతాయి. ఉడికిందో లేదో చూడడానికి కడిగిన కొబ్బరి ఈనె నడుమ గుచ్చి తీయాలి. తడిపిండి అంటకుండా వస్తే అయినట్టే.

జీడిపప్పు: పొడి చేసి బిస్కట్టు పిండిలో కలిపితే నూనె వల్ల అడుగు త్వరగా ఎర్రబడుతుంది. నల్లటి ట్రే అయితే మాడుతుంది. లేతరంగు ట్రే మీద కాగితం పరిచి కాల్చాలి.

మూత్రపిండాల వ్యాధి ఉన్న ఇళ్లలో

ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుదేలు చేస్తోంది. దాని అసలు కారణం ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇక్కడ టిన్నుల గురించి రాసేటప్పుడు ఈ సంగతి వదిలేయడం సరికాదు.

శరీరంలోకి చేరిన అల్యూమినియాన్ని బయటికి పంపేది ప్రధానంగా మూత్రపిండాలే. అవి దెబ్బతిన్నవారిలో అది నిలిచిపోగలదు. మామూలు కేకును అల్యూమినియం టిన్నులో కాల్చినప్పుడు కలిసేది చాలా తక్కువ. పెరుగు, నిమ్మరసం, ఉప్పు ఎక్కువగా ఉన్న పిండి లోహాన్ని కొంత ఎక్కువగా తింటుంది. రోగి ఉన్న ఇంట్లో స్టీలు, గాజు లేదా సిలికాన్ పాత్ర తీసుకోవడం, లేదా అల్యూమినియం టిన్ను అడుగు, గోడలు పూర్తిగా కాగితంతో కప్పడం తేలికైన జాగ్రత్త. కాలిన కేకును టిన్నులోనే నిలవ ఉంచకూడదు. బేకింగు పౌడరు కొన్ని రకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది, చాలా రకాల్లో ఫాస్ఫేటు, సోడియం ఉంటాయి. డబ్బా మీది పదార్థాల పట్టిక చదవాలి. జీడిపప్పు, కొబ్బరి, పనసల్లో పొటాషియం గాని, ఫాస్ఫరస్ గాని ఎక్కువ కాబట్టి రోగి ఎంత తినవచ్చో డాక్టరునే అడగాలి.

పూత, కాగితం

పిండి పోసేముందు టిన్నును సిద్ధం చేయడం నేర్చుకుంటే నాన్‌స్టిక్ అవసరమే ఉండదు. టిన్నును కాగితం మీద బోర్లించి పెన్సిలుతో చుట్టూ గీసి, గీతకు కాస్త లోపలగా కత్తిరించాలి. కరిగించని వెన్న గాని, నెయ్యి గాని అడుగుకూ గోడలకూ పల్చగా రాయాలి. నూనె గోడమీదనుంచి జారి మూలల్లో నిలుస్తుంది, ముద్దగా ఉన్న వెన్న జారదు. అడుగున కాగితం అతికించి, దానిమీదా కొంచెం రాసి, చెంచాడు మైదా చల్లి టిన్నును తిప్పుతూ గోడలన్నిటికీ అంటించి, మిగిలింది దులిపేయాలి. బ్రెడ్ టిన్నుకు పొడవాటి కాగితపు పట్టీ వేసి రెండు చివరలూ అంచులపైకి వదిలితే, కాలాక ఆ చివరలు పట్టి కేకును పైకి ఎత్తవచ్చు.

బటర్ పేపరు పేరుతో అమ్మేవన్నీ ఓవెన్ వేడికి తట్టుకోవు. కొన్ని పొట్లాలు కట్టడానికే. ఓవెన్‌కు పనికొస్తుందని చీటీ మీద రాసి ఉన్నదే తీసుకోవాలి. కాగితం లేనప్పుడు అరటాకు ఉంది. నిప్పు సెగ చూపించి మెత్తబరిచి, నెయ్యి రాసి అడుగున, గోడలకు పరిస్తే అంటుకోదు, మంచి వాసన కూడా పట్టిస్తుంది. బెల్లం, కొబ్బరి కేకులకు ఇది కాగితం కంటే బాగుంటుంది.

కాలాక కేకును పది నిమిషాలు టిన్నులోనే ఉంచి, అంచు చుట్టూ చాకు తిప్పి, జాలీ మీద బోర్లించాలి. వెంటనే తీస్తే విరుగుతుంది, పూర్తిగా చల్లారేదాకా ఉంచితే ఆవిరి నీరై అడుగు తడుస్తుంది.

సంరక్షణ

తీరంలో టిన్నుకు ప్రధాన శత్రువు తేమ. కడిగి గుడ్డతో తుడిచినా మడతల్లో నీరు మిగులుతుంది. కాల్చడం అయ్యాక ఓవెన్‌లో ఇంకా వెచ్చదనం ఉండగానే కడిగిన టిన్నును అయిదు నిమిషాలు లోపల పెడితే పూర్తిగా ఆరుతుంది. పొయ్యి మీద వండేవారు ఎండలో బోర్లించవచ్చు. ఒకదానిలో ఒకటి పెట్టేటప్పుడు నడుమ పాత కాగితం వేయాలి. ఉక్కు టిన్నుకు వాడకం లేని రోజుల్లో పల్చగా నూనె రాసి ఉంచాలి. పొయ్యి మీద పరిచిన ఉప్పును గిన్నెలోనే వదిలేస్తే తేమ పట్టి లోహాన్ని తినేస్తుంది, చల్లారాక తీసి సీసాలో పోయాలి.

అల్యూమినియాన్ని ఇనుప పీచుతో, వాషింగ్ సోడాతో తోమకూడదు. మాడిన చోట గోరువెచ్చని నీళ్లు పోసి గంట నానబెట్టి కొబ్బరిపీచుతో రుద్దితే చాలు. కాలక్రమంలో లోహం మసకబారడం చెడిపోవడం కాదు. మీద తెల్లటి మచ్చలు, గుంటలు కనిపిస్తే తేమ నిలుస్తోందని అర్థం.

తరువాత కొనదగినవి

మూడు టిన్నులు చేతికి అలవాటయ్యాకే నాలుగోదాని ఆలోచన చేయాలి. అవసరం వంటలోంచి పుట్టాలి. పిల్లలకు విడివిడిగా పంచాల్సి వస్తుంటే ఆరు గుంటల కప్‌కేకు ట్రే కొనవచ్చు. ఒక్కో గుంట సుమారు 100 మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి 7 అంగుళాల కేకు పిండిలో సగం దానికి సరి. కేకులు అమ్మాలనుకునేవారికి 6, 8 అంగుళాల గుండ్రటి టిన్నులు అవసరం, ఎందుకంటే ఆర్డర్లు అర కిలో, కిలో లెక్కలోనే వస్తాయి. రెండు పొరల కేకులు తరచుగా చేస్తుంటే ఉన్న 7 అంగుళాల టిన్నుకే జోడు కొనడం మేలు, రెండు పొరలూ ఒకేసారి కాలుతాయి.

బంట్ టిన్ను, గుండె ఆకారం, అంకెల ఆకారం, క్లిప్పుతో గోడ విప్పే టిన్ను మొదట్లో వద్దు. గాడుల్లో పిండి అంటుకుంటుంది, కోణాల దగ్గర మాడుతుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లకంటే బయటికి రావు. గుండె ఆకారం కావాలంటే ఒక గుండ్రటి కేకును రెండుగా కోసి, అదే వెడల్పున్న చతురస్రపు కేకుకు పక్కపక్కనున్న రెండు భుజాలకు అతికించవచ్చు. పదిరకాల టిన్నులు కొని ఒక్కోదాన్ని ఒక్కోసారి వాడేవారికంటే, ఒకే టిన్నులో ఒకే కేకును మళ్లీమళ్లీ కాల్చి, ప్రతిసారీ సెగ, సమయం రాసుకునేవారు త్వరగా నేర్చుకుంటారు. తన టిన్ను ఎంత పడుతుందో, తన పొయ్యి మీద ఎన్ని నిమిషాలు తీసుకుంటుందో తెలిసిన మనిషికి ఏ పుస్తకంలోని కొలతనైనా తన ఇంటి కొలతగా మార్చుకోవడం కష్టం కాదు.